కాడి మీది తూకం

కోదాడకు దగ్గర్లోని మేళ్లచెరువులో మహాశివరాత్రి జాతరకు ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు. అక్కడ ముందు చూసేది ఎద్దు నోరు; పళ్లను బట్టి దాని వయసు తెలుస్తుంది. రెండు పళ్ల జతకు ఒక బండ, నాలుగు పళ్ల జతకు అంతకంటే బరువైనది, ఆరు పళ్లకు ఇంకా బరువైనది. లాగేదాని సత్తువను బట్టే బరువు కట్టాలన్న లెక్క ఈ ప్రాంతానికి ట్రాక్టరు కంటే చాలా ముందే తెలుసు.

2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు మండలమైన అనంతగిరి చుట్టుపక్కల ఊళ్లలో ఆ లెక్క ఒకప్పుడు రోజూ బండి దగ్గరే తేలేది. బస్తాలు ముందుకు పేరిస్తే భారమంతా ఎడ్ల మెడల మీద పడుతుంది. వెనక్కి జరిపితే నొగలు పైకి లేచి మెడతాళ్లు గొంతుకు బిగుస్తాయి. ఇరుసు మీద తూకం కుదిరి, కాడి మీద కొద్దిపాటి బరువే నిలిచేలా సర్దడంలోనే బండివాడి పనితనం ఉండేది. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతరకు కుటుంబాలు బండ్లు కట్టుకుని వెళ్లేవి. వంట సామాను, పిల్లలు, ఎడ్లకు మేత, అన్నీ అందులోనే. ఎడ్లను విప్పాక ఆ బండి నీడే ఇల్లు. నేడు అమెరికాలో కారు వెనక చక్రాల ఇంటిని లాక్కెళ్లేవాళ్లకు చెప్పే సూత్రమూ ఆ కాడి మీది తూకమే: ట్రైలరు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలి.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద వరి పెరిగింది, మిర్యాలగూడలో మిల్లులు పెరిగాయి. ఎడ్లు మోయలేనంత ధాన్యం కళ్లాల్లో కుప్పలు పడింది. మద్రాసులో ట్రాక్టర్లు తయారుచేసే టాఫే కంపెనీ 1960లోనే మొదలైంది. ఊళ్లలోకి మెల్లగా ట్రాక్టర్లు వచ్చాయి, వాటి వెనకే ట్రాలీలు.

అక్కడే చిక్కు వచ్చింది. ఎద్దు తన వల్ల కాకపోతే ఆగి నిలబడుతుంది. ఇంజను అలా చెప్పదు. 35 హార్స్‌పవర్ ట్రాక్టరు గేరు తగ్గించుకుని తన తాహతుకు మించిన లోడును కూడా కదిలించేస్తుంది. కదిలించడం వేరు, ఆపడం వేరు.

రెండు చక్రాల ట్రాలీ తన బరువులో కొంత ట్రాక్టరు హుక్కు మీద మోపుతుంది. కొద్దిగా మోపితే మంచిదే, వెనక టైర్లకు పట్టు దొరుకుతుంది. ఎక్కువైతే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు పనిచేయదు. అందుకే ట్రాక్టరు ముందు భాగానికి ఇనుప బరువులు బిగిస్తారు. ట్రాలీకి సొంత బ్రేకులు లేకపోతే మొత్తం లోడును ట్రాక్టరు బ్రేకులే ఆపాలి. కాల్వకట్ట దిగేటప్పుడు వెనక బరువు ట్రాక్టరును ముందుకు తోసి అడ్డం తిప్పగలదు. కొనేవాడికి ఎన్ని హార్స్‌పవర్లో చెప్పడంతో పాటు ఎంత బరువును ఆపగలదో కూడా చెప్పి తీరాలి. అది ప్రాణాలకు సంబంధించిన సంగతి.

వరికోతలప్పుడు మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాలీలు బారులు తీరతాయి. కొన్నిటికి ధాన్యం ఎక్కువ పట్టేలా పక్క పలకలు ఎత్తు పెంచి ఉంటాయి. కింద ఇరుసు, టైర్లు, ముందున్న బ్రేకులు మాత్రం పాతవే.