చందా పుస్తకము

ఉత్సవము దాపునకు వచ్చినపుడు చందా పుస్తకము చేతబట్టి సాటి ఉద్యోగుల ఇండ్లకు తిరుగు కార్యదర్శి పాట్లు మనవంటి సంఘములలో ఎరుగనివారుండరు. ఒకరు జీతములు వచ్చిన పిదప రమ్మందురు. వేరొకరు పుస్తకములో వ్రాసిన మొత్తమును ఇచ్చుట మరతురు. మరియొకరు పోయిన యేటి లెక్క ఏమైనదని యడుగుదురు. ఈ మూడవవారిని చూచి కార్యదర్శులు నొచ్చుకొందురు గాని, నిజమునకు సంఘమునకు ఆప్తులు వారే. ఈ మాటకు నూటముప్పది యేండ్లకు పైబడిన యొక చరిత్ర ఆధారముగా నున్నది.

1894వ సంవత్సరమున దక్షిణాఫ్రికాలోని నేటాలు వలసరాజ్యమున భారతీయులకు ఓటుహక్కు లేకుండ జేయు శాసనము ప్రతిపాదింపబడెను. ఒక వ్యాజ్యము నిమిత్తమై ఆ దేశమునకు పోయి, పని ముగించుకొని స్వదేశమునకు మరలనున్న యువ న్యాయవాది గాంధీజీ అచటి వర్తకుల కోరికపై ఆగిపోయిరి. ఆ యేడు ఆగస్టు 22వ తేదీన డర్బను నగరమున నేటాలు ఇండియన్ కాంగ్రెసు వెలసెను. సభ్యత్వమునకు కనీసపు చందా నెలకు 5 షిల్లింగులు. శక్తిగలవారు అంతకుమించి ఈయవలెనని కోరగా, అబ్దుల్లా సేఠు నెలకు 2 పౌనులు వ్రాసి జాబితాకు మొదటివాడయ్యెను. గాంధీజీ తమ పేరిట ఒక పౌను వ్రాసికొనిరి. ప్రజాసేవకు ప్రతిఫలము తీసికొనుటకు మాత్రము వారు సమ్మతింపలేదు.

వ్రాసినంత సులభముగా చందాలు వసూలు కాలేదు. నెలనెలా ఇంటింటికి తిరుగుట ఇచ్చువారికిని, పుచ్చుకొనువారికిని భారమయ్యెను. అందుచే సంవత్సరమునకు 3 పౌనులు ముందుగనే చెల్లించు పద్ధతి ఏర్పడెను. నెలకు 5 షిల్లింగుల లెక్కన ఏడాదికి వచ్చునది ఆ 3 పౌనులే. మొత్తము మారలేదు, తలుపు తట్టు పర్యాయములు మాత్రమే తగ్గెను.

ఈ వసూళ్ళ ప్రయాణములోనే టోంగాటు అను ఊర ఒక ఘట్టము జరిగెను. అతిథులుగా దిగిన యింటి వర్తకుడు 6 పౌనులు ఇచ్చునని కార్యకర్తలు ఆశించిరి. ఆయన మూడింటికి మించి ఈయననెను. ఆయన వెనుకకు తగ్గినచో తక్కినవారును తగ్గుదురని వీరి భయము. ఆకలి దహించుచున్నను ఎవరును భోజనమునకు లేవలేదు. పరుషవాక్యమొక్కటియు పలుకక రాత్రియెల్ల కూర్చుండిరి. తెల్లవారుచుండగా ఆ గృహస్థుడు 6 పౌనులు చెల్లించి, అందరికిని విందు చేసెను. ఆ వార్త దూరపు ఊళ్ళకు సైతము ప్రాకెను.

ఇట్లు పట్టుబట్టి తెచ్చిన ధనము పట్ల గాంధీజీ చూపిన జాగరూకత మరింత గొప్పది. ఎంత చిన్న మొత్తమునకైనను రశీదు ఉండవలసినదే. ప్రతి కాసు ఖర్చునకు లెక్క వ్రాయవలసినదే. అప్పు చేసి సంఘకార్యము నడుపరాదనునది మరియొక నియమము. లెక్కలు సరిగా లేనిచోట సత్యము నిలువదని వారి విశ్వాసము. చందాదారుని చేతికి వచ్చిన రశీదు కేవలము కాగితపు ముక్క కాదు. తన ధనము ఏమైనదని అడుగుటకు అతనికి గల హక్కుపత్రము.

అయితే ఈ చరిత్రకు రెండవ ప్రక్కయు గలదు. నేటాలులో అత్యధికులు వర్తకులు కారు. 1860వ సంవత్సరమున మదరాసునుండి బయలుదేరిన తొలి ఓడ మొదలుకొని చెరకు తోటలకు కొనిపోబడిన ఒప్పంద కూలీలలో మన తెలుగువారును, తమిళులును వేలకొలదిగ నుండిరి. వారికి తొలియేట జీతము నెలకు 10 షిల్లింగులు. అందు సగము చందాగా ఇచ్చుట ఎవరి తరము? కాంగ్రెసు ఇంకను వారిది కాలేదని గాంధీజీయే తమ ఆత్మకథలో ఒప్పుకొనిరి. 1895వ సంవత్సరపు శాసనము వలన, ఒప్పందము ముగిసినను స్వదేశమునకు మరలని కూలీ తలకు ఏటేట 3 పౌనుల పన్ను పడెను. వర్తకునికి గౌరవచిహ్నమైన మొత్తమే కూలీకి సంకెల యయ్యెను.

చందా ఈయలేని ఆ జనమే 1913వ సంవత్సరమున పన్నునకు ఎదురు తిరిగి, గనులను, తోటలను విడిచి సమ్మె కట్టెను. చార్లెస్‌టౌను చేరిన యాత్రికులకు అచటి వర్తకులు వసతియు, వంటపాత్రలును సమకూర్చిరి. మరుసటి యేడు ఆ పన్ను రద్దయ్యెను. ఒకరు ధనమిచ్చిరి, మరియొకరు ప్రాణములనే పణముగా నొడ్డిరి. ఏ దాతల పట్టికయందును ఈ రెండవవారి పేరులు లేవు.

కాంగ్రెసు సంపాదించిన స్థిరాస్తి కథ మరియొక గుణపాఠము. గాంధీజీ ఆ దేశము విడిచిన పిమ్మట దానిని గూర్చి లోలోపల కలహములు పుట్టి, అద్దెసొమ్ము న్యాయస్థానమున చేరి పేరుకొనెను. భవనము లేక సాగని సంస్థల మాట వేరు గాని, నిత్యపు ఖర్చు మాత్రము ఏటికేడు ప్రజలు మనఃపూర్వకముగా ఇచ్చు చందాతోనే జరుగవలెనని గాంధీజీ నిశ్చయించుకొనిరి. నిలువధనముగల సంఘము ఎవరికిని జవాబు చెప్పనక్కరలేదని తలచును. ఏటేట చేయి చాచువానికి ఆ గర్వము పుట్టదు.

1920వ సంవత్సరమున నాగపురమున భారత జాతీయ కాంగ్రెసునకు క్రొత్త నియమావళి ఏర్పడినపుడు సభ్యత్వపు చందా సంవత్సరమునకు 4 అణాలు. మరుసటి యేడు మన బెజవాడలో కూడిన అఖిలభారత కాంగ్రెసు సంఘము, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలతోపాటు, కోటిమంది సభ్యులను కూడ చేర్పవలెనని తీర్మానించెను. కోటి రూపాయలు కొందరు ధనికుల వలన సమకూడవచ్చును. కోటిమంది సభ్యులు మాత్రము పేదవాని గుమ్మము త్రొక్కనిదే సమకూడరు.

స్వస్థలమునకు దూరమున ఉద్యోగములు చేయు మనము తెలుగు మాట కొరకు సంఘములు పెట్టుకొన్నాము. వాటికి నిధి ఎంత యున్నదని కాక, పోయిన యేడు ఇచ్చినవారిలో ఎందరు ఈ యేడు మరల సంతోషముతో ఇచ్చిరని లెక్క చూచుకొనుట మేలు. చిన్న జీతగాడు జంకక సంతకము చేయగల పుట యొకటి మన చందా పుస్తకమున నుండవలెను. పోయిన యేటి లెక్క యేదని అడిగినవానికి కార్యదర్శి చిరునవ్వుతో కుర్చీ వేసి, లెక్కల పుస్తకము ముందుంచవలెను.