విలాస గృహం అమ్మాలంటే... ధర కంటే ముందు దస్తావేజు

రంగారెడ్డి జిల్లా: నార్సింగి, మణికొండ, కోకాపేట, గండిపేట పరిసరాల్లో ఇరవై ఏళ్ల క్రితం ముచ్చటపడి విల్లాలు కట్టుకున్నవారిలో పలువురు ఇప్పుడు వయోవృద్ధులు. పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో స్థిరపడ్డారు. ఐదు పడకగదుల ఇంట్లో ఇద్దరే మిగిలిన కుటుంబాలకు, చివరికి ఒక్కరే మిగిలిన కుటుంబాలకు ఇంటి విక్రయం తప్పనిసరి అవుతోంది. సాధారణ ఫ్లాటుకు పదిమంది కొనుగోలుదారులు ఉంటే కోట్ల విలువైన ఇంటికి ఒకరిద్దరే ఉంటారు. వారిలో ఒకరు కాగితాలు చూసి వెనుదిరిగితే మరొకరి కోసం నెలల తరబడి నిరీక్షించవలసిందే. పైగా వెనుదిరిగిన విషయం మధ్యవర్తుల ద్వారా నలుగురికీ తెలిసి, ఆ ఇంటికి ఏదో చిక్కు ఉందన్న మాట స్థిరపడిపోతుంది.

వేలం ధర వేరు, విల్లా ధర వేరు

విక్రయదారులు చేసే మొదటి పొరపాటు ధర నిర్ణయంలోనే జరుగుతుంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌ వేలంలో ఎకరం 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఎకరానికి 4,840 గజాలు కనుక గజం రెండు లక్షలు దాటినట్లు. ఈ లెక్కను పట్టుకుని సమీపంలో 400 గజాల విల్లా ఉన్నవారు స్థలానికే ఎనిమిది కోట్లు రావాలని పట్టుబట్టడం కద్దు. కానీ వేలంలో స్థలం కొన్నవారు దానిపై లేవబోయే అంతస్తులను లెక్కించి ధర పెట్టారు. గేటెడ్‌ కమ్యూనిటీలోని విల్లాపై అన్ని అంతస్తులు వేసే వీలు లేదు. కనుక అదే కమ్యూనిటీలో ఇటీవల నిజంగా రిజిస్టరైన విక్రయాలే ఆ ఇంటికి సరైన కొలబద్ద.

ఇటాలియన్‌ పాలరాయికి, టేకు పనికి, హోం థియేటర్‌కు పెట్టిన ఖర్చంతా ధరలో రాబట్టుకోవాలనుకోవడం మరో పొరపాటు. కొత్తగా వచ్చేవారు వంటగదిని తమ అభిరుచికి తగ్గట్టు ఎలాగూ మార్చుకుంటారు. జూబ్లీహిల్స్‌, బంజారాహిల్స్‌లోని పాత బంగళాల విషయంలోనైతే కొనేవారు తరచుగా స్థలం విలువ మాత్రమే కడతారు. పడగొట్టబోయే ఇంటికి అమ్మకానికి ముందు రంగులు వేయించడం దండగ. అదే నివాసానికి కొనే ఇల్లయితే గోడల చెమ్మ, పైకప్పు కారడం, పనిచేయని లిఫ్టు వంటివాటిని బాగుచేయించడం లాభదాయకం. చెమ్మ మచ్చ ఒక్కటి కనిపించినా బేరం లక్షల్లో దిగుతుంది.

కాగితాల పరీక్ష

ఈ స్థాయి కొనుగోలుదారు తన న్యాయవాదితో కాగితాలన్నీ పరిశీలింపజేయక ముందుకు రాడు. మూల దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌, ఆస్తి పన్ను రసీదులు, కమ్యూనిటీ సంఘం బకాయిలు లేవనే పత్రం ముందే సిద్ధంగా ఉండాలి. 1983 నుంచి జరిగిన లావాదేవీల ఈసీ ఆన్‌లైన్‌లో లభిస్తుంది. అంతకు పూర్వపువాటి కోసం సబ్‌ రిజిస్ట్రార్‌ కార్యాలయంలో రికార్డులు వెతికించవలసి ఉంటుంది. ఇంటిపై బ్యాంకు రుణం ఉంటే అసలు పత్రాలు బ్యాంకులోనే ఉంటాయి. బకాయి ఎంత, చెల్లించాక పత్రాలు ఎన్ని రోజుల్లో చేతికి వస్తాయి అన్నది లిఖితపూర్వకంగా తెలుసుకున్నాకే కొనుగోలుదారుకు గడువు చెప్పడం మంచిది.

మంజూరైన ప్లానుకు, కట్టిన ఇంటికి తేడా ఉంటే దాచడం వల్ల ప్రయోజనం లేదు. డాబాపై అదనంగా వేసిన గదిని కొనుగోలుదారు తరఫు ఇంజినీరు పది నిమిషాల్లో పట్టేస్తాడు. 2024 జూలైలో హైడ్రా ఏర్పడిన తర్వాత చెరువుల ఎఫ్‌టీఎల్‌, బఫర్‌ జోన్‌ సంగతి అడగని కొనుగోలుదారు లేడనే చెప్పాలి. ఉస్మాన్‌సాగర్‌, హిమాయత్‌సాగర్‌ రక్షణకు 1996లో జారీ అయిన 111 జీవో పరిధిలోని 84 గ్రామాల్లో ఈ పరీక్ష మరింత కఠినం. 2022లో 69 జీవో వెలువడినా, ఆ ఇంటికి అనుమతి ఎప్పుడు, ఎవరు ఇచ్చారన్న ప్రశ్న అలాగే నిలుస్తుంది.

సంతకాల దగ్గరే చిక్కు

బేరం కుదిరి, అడ్వాన్సు అందాక విక్రయం ఆగిపోవడానికి పెద్ద కారణం వారసుల సంతకాలే. తండ్రి స్వార్జితమైన ఇల్లు, వీలునామా లేకుండా ఆయన మరణిస్తే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కుమారులు, కుమార్తెలు, జీవించి ఉంటే ఆయన తల్లి సమాన వాటాదారులు. ‘ఆడపిల్లకు పెళ్లిలోనే పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం’ అన్న మాట ఇంట్లో చెల్లవచ్చు గాని సబ్‌ రిజిస్ట్రార్‌ ఎదుట చెల్లదు. ఆమె స్వయంగా విక్రయ దస్తావేజులో సంతకం చేయాలి, లేదా తన హక్కును రిజిస్టర్డ్‌ విడుదల దస్తావేజు ద్వారా వదులుకోవాలి. పిత్రార్జితమైతే 2005 చట్ట సవరణ, దానిపై 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కుమార్తెల వాటాను మరింత స్పష్టం చేశాయి. అక్కచెల్లెళ్లతో ఈ మాట ఇల్లు అమ్మకానికి పెట్టక ముందే జరగడం మేలు. అడ్వాన్సు తీసుకున్నాక అడిగితే అది సంప్రదింపు కాదు, ఒత్తిడి అవుతుంది. తల్లి బతికి ఉన్న ఇంట్లో ఆమె ఇష్టాన్ని చివరగా అడగడం కూడా అలాంటిదే.

విదేశాల్లోని వారసులు రాలేకపోతే పవర్‌ ఆఫ్‌ అటార్నీ పంపవచ్చు. దానిపై అక్కడి భారత రాయబార కార్యాలయం ధ్రువీకరణ ఉండాలి. భారత్‌కు చేరిన మూడు నెలల్లోగా జిల్లా రిజిస్ట్రార్‌ వద్ద స్టాంపు సుంకం చెల్లించి చెల్లుబాటు చేయించుకోవాలి. కేవలం జీపీఏ పేరిట జరిగే ‘అమ్మకం’తో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చిచెప్పింది.

పన్ను లెక్క

రెండేళ్లకు మించి ఉన్న ఇంటిపై లాభానికి దీర్ఘకాలిక మూలధన లాభాల పన్ను వర్తిస్తుంది. 2024 జూలై 23కు ముందు కొన్న ఇళ్లకు భారత్‌లో నివసించే వ్యక్తులు రెండు పద్ధతుల్లో తమకు అనుకూలమైనది ఎంచుకోవచ్చు. సూచీ సవరణ లేకుండా 12.5 శాతం, లేదా సవరణతో 20 శాతం. ఉదాహరణకు 2005-06లో 60 లక్షలకు కొన్న ఇంటిని 2025-26లో ఆరు కోట్లకు అమ్మితే మొదటి పద్ధతిలో పన్ను 67.5 లక్షలు, రెండో పద్ధతిలో సుమారు 81 లక్షలు. అదే ఇల్లు మూడు కోట్లే పలికితే మొదటి పద్ధతిలో 30 లక్షలు, రెండో పద్ధతిలో 21 లక్షల పైచిలుకు. సర్‌చార్జి, సెస్సు వీటికి అదనం. ప్రవాసులకు ఈ ఎంపిక లేదు.

రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా మినహాయింపు ఉంది. అయితే 2023 బడ్జెట్‌ దానికి పది కోట్ల పరిమితి విధించింది. నిర్దేశిత బాండ్లలో ఆరు నెలల్లోగా 50 లక్షల వరకు పెట్టుబడి పెట్టడం మరో మార్గం. విక్రేత స్థానికుడైతే కొనుగోలుదారు ఒక శాతం టీడీఎస్‌ మినహాయిస్తే సరిపోతుంది. ప్రవాసి అయితే కోత చాలా ఎక్కువ. ఆదాయపన్ను శాఖ నుంచి తక్కువ కోతకు ధ్రువపత్రం ముందే తెచ్చుకోని ప్రవాసులు రిఫండ్‌ కోసం రిటర్ను దాఖలు చేసి వేచి ఉండవలసి వస్తుంది.

కొంత సొమ్ము నగదుగా ఇస్తామనే ప్రతిపాదన ఈ బేరాల్లో తప్పక వస్తుంది. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా చెల్లించవలసి రావచ్చు. ఆ జరిమానా పడేది తీసుకున్నవారికే, ఇచ్చినవారికి కాదు.

అప్పగింత

ఆషాఢంలో, మూఢంలో చూసేవారు తగ్గుతారు. శ్రావణం నుంచి మళ్లీ కదలిక వస్తుంది. వాస్తు పండితుడు రెండోసారి వచ్చాడంటే బేరం ఆసక్తికరంగా ఉన్నట్లే లెక్క. ఒప్పంద పత్రంలో గడువు, అడ్వాన్సు, రద్దయితే వాపసు నిబంధనలతో పాటు ఇంట్లో ఏవి వదిలి వెళ్తున్నారో కూడా రాసుకోవాలి. ఏసీలు, జనరేటర్‌, షాండ్లియర్‌, హాల్లోని ఊయల, చెక్కడపు పూజగది తలుపుల వంటివి పత్రంలో లేకపోవడం వల్ల కోట్ల బేరాలు రిజిస్ట్రేషన్‌ రోజున వాగ్వాదాలకు దారితీస్తాయి. వృద్ధులైన తల్లిదండ్రులు కొత్త చోటికి మారేందుకు రెండు మూడు నెలలు కావాలనుకుంటే ఆ గడువు, దానికి అద్దె ఎంత, కరెంటు బిల్లు ఎవరిది అన్నవి అదే పత్రంలో చేర్చి, తాళాలు అప్పగించే తేదీని స్పష్టంగా నమోదు చేయించాలి.