బఫర్డ్ అవుట్‌పుట్

ప్రోగ్రామ్ రాసే అక్షరాలను వెంటవెంటనే తెరకో ఫైలుకో పంపకుండా, మెమరీలోని బఫర్‌లో కూడబెట్టి ఒక్కసారిగా పంపే పద్ధతి బఫర్డ్ అవుట్‌పుట్. అందులో పోగైనదాన్ని బయటికి పంపేయడాన్ని ఫ్లష్ చేయడం అంటారు. ఎప్పుడు ఫ్లష్ చేయాలో లైబ్రరీ నిర్ణయించాలా, ప్రోగ్రామరా అన్నదే ఈ పద్ధతి చరిత్రలో ప్రధాన ప్రశ్న.

అవసరం

ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలిచిన ప్రతిసారీ కొంత సమయం ఖర్చవుతుంది. బైటుకొక పిలుపు చొప్పున రాస్తే అసలు పనికన్నా పిలుపులకే ఎక్కువ కాలం పడుతుంది.

యూనిక్స్, సి భాష

1970ల తొలి సంవత్సరాల్లో బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ రాసిన ఇన్‌పుట్-అవుట్‌పుట్ లైబ్రరీ సి భాషలో ఈ పద్ధతికి పునాది. డెనిస్ రిచీ ప్రభృతులు దాన్ని తీర్చిదిద్దగా, 1979 నాటి ఏడవ ఎడిషన్ యూనిక్స్‌తో స్టాండర్డ్ ఐఓ లైబ్రరీ ప్రచారంలోకి వచ్చింది. 1989 నాటి సి ప్రమాణం మూడు విధానాలను గుర్తించింది: బఫర్ నిండాక పంపడం, వరుస పూర్తవగానే పంపడం, అసలు కూడబెట్టకపోవడం. దోష సందేశాలను మాత్రం బఫర్ నిండేదాకా ఆపకూడదని నియమం పెట్టింది. ప్రోగ్రామ్ అర్ధాంతరంగా ఆగితే కారణం చెప్పే మాట బఫర్‌లోనే నశిస్తుంది కనుక ఈ నియమం ఎంతో విలువైనది.

తరువాతి భాషలు

సి++లో కీబోర్డు నుంచి చదవబోయే ముందు అవుట్‌పుట్ దానంతటదే ఫ్లష్ అవుతుంది. 2008లో వచ్చిన పైథాన్ 3.0 బైట్లు, బఫర్, పాఠ్యం అని మూడు పొరలుగా ఈ పనిని విడదీసింది. గో (2012)లో తెరకు రాసే మామూలు రాతకు బఫర్ ఉండదు. కావాలనుకున్న ప్రోగ్రామరే దాన్ని జతచేసి, చివర ఫ్లష్ చేయాలి. రస్ట్ (2015)లో బఫర్ తొలగిపోయేటప్పుడు దానంతటదే ఫ్లష్ అయినా, అప్పుడు తలెత్తే దోషం ఎవరికీ తెలియదు. డిస్క్ నిండిందన్న సంగతి చాలాసార్లు ఫ్లష్ సమయంలోనే బయటపడుతుంది కాబట్టి, ముందే స్వయంగా ఫ్లష్ చేసి ఫలితం చూసుకోవడం క్షేమం. 2025లో జిగ్ 0.15 బఫర్‌ను ప్రోగ్రామరే అందించేలా మార్చింది. ఫ్లష్ బాధ్యతా అతనిదే.

తెలుగు పాఠ్యం

1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. మచిలీపట్నంలోని చిలకలపూడి పేరు రాయడానికి 27 బైట్లు కావాలి. ఈ పేరునే ఖాళీ లేకుండా వరుసగా గో భాషలోని 4096 బైట్ల బఫర్‌లో రాస్తూ పోతే, 151 సార్లు పూర్తిగా పడుతుంది. 152వ సారి ‘చిలకలప’ వరకు వచ్చి, ఊకారపు గుర్తులో మొదటి బైటుతో బఫర్ నిండిపోతుంది. మిగతా రెండు బైట్లు తరువాతి విడతలో వెళ్తాయి.

ఫైలులో బైట్లు వరుసగా చేరతాయి కనుక నష్టం లేదు. ఒక్కో విడతనూ పూర్తి పాఠ్యంగా భావించే చోట మాత్రం అక్షరం చెడిపోతుంది. విండోస్ తెరకు రాసేటప్పుడు రస్ట్ లైబ్రరీ అసంపూర్ణ బైట్లను ఆపి, మిగిలినవి అందాక కలిపి పంపుతుంది. తెలుగు పాఠ్యాన్ని అలా విడతలుగా చూసే ఏ లైబ్రరీకైనా ఈ జాగ్రత్త తప్పనిసరి.