రక్తశుద్ధి

ఇటీవల మధురవాడలో మా యెఱిగినవారి యింట నొక వివాహప్రసంగము నడచెను. వరుడు విద్యావంతుడు, గుణవంతుడు. కన్యకు నతనియం దిష్టము కలదు. కులము మాత్రము వేఱు. ఇంటి పెద్ద, “వేలయేండ్లనుండి మా రక్తము కలియలేదు, ఇప్పుడు కలియనిత్తునా?” యని లేచిపోయెను. ఆ మాట యెంతవఱకు నిజమో విచారింతము.

మానవజాతి మొదట ఆఫ్రికాఖండమున జనించెను. మొరాకోదేశమున జెబెల్ ఇర్హూద్ అనుచోట దొరకిన మానవాస్థులు ఇంచుమించు 3,00,000 ఏండ్లనాటివి. తక్కిన ఖండములలోని జనులు ముఖ్యముగా అచ్చటనుండి వెడలిన చిన్న గుంపుల సంతానమే. అందుచేత ఏ యిద్దఱి డి.ఎన్.ఏ.ను సరిపోల్చినను, వేయి యక్షరములలో సుమా రొక్కటి మాత్రమే భేదించును.

ఇక తెలుగువారి మాట. 2001లో మైకేల్ బమ్షాద్ మొదలగు శాస్త్రజ్ఞులు మన విశాఖపట్టణము జిల్లాలోని యెనిమిది కులములకు జెందిన సుమారు 265 మంది పురుషుల జన్యువులను పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. తల్లివంక వచ్చు చిహ్నములు అన్ని కులములందును ముఖ్యముగా ఆసియావారి పోలికనే చూపెను. తండ్రివంక వచ్చు చిహ్నములలో పైకులములవారికి ఐరోపావారి పోలిక కొంత యధికము. దీనిని జూపి గర్వించువారు గలరు. తల్లివంక యొక పోలిక, తండ్రివంక వేఱొక పోలిక కనబడుచుండగా శుద్ధి యెక్కడిది?

2009లో హైదరాబాదు సీసీఎంబీకి జెందిన లాల్జీ సింగ్, తంగరాజ్ గారలు డేవిడ్ రైఖ్ ప్రభృతులతో గూడి, మన దేశములోని 25 సమూహములను పరిశీలించిరి. వానిలో హెచ్చుభాగము రెండు పురాతనసంతతుల మిశ్రమమని తేలెను. 2013లో వెలువడిన పరిశోధన ఆ సమ్మేళనము 4,200 ఏండ్ల క్రిందటినుండి 1,900 ఏండ్ల క్రిందటివఱకు జరిగెనని నిర్ణయించెను. అనగా మధురవాడకు చేరువనున్న బావికొండ విహారమున భిక్షువులు వసించుచున్న దినములకును మన దేశమున రక్తము కలియుచునే యున్నది! గోడ లేచినది తరువాత. గోడకు లోపలనున్నది అంతకుముందే కలిసిన రక్తము.

గోడవలన కీడును గలదు. మన వైశ్యులు నూఱుతరములకు పైగా తమలో తామే వివాహమాడుచు వచ్చిరని పై 2009 పరిశోధనయే తెల్పుచున్నది. శస్త్రచికిత్సలో కండరములను సడలించుట కిచ్చు సక్సినైల్‌కోలిన్ అను మందు వారిలో కొందఱి శరీరమున త్వరగా విఱుగదు; ఊపిరి నిలచి ప్రమాదము గలుగవచ్చును. ఇది వారి దోషము గాదు. చిన్నవలయములో తరతరములు వివాహమాడు ఏ సమూహమున కైనను ఇట్టి చిక్కులు రాగలవు. ఇట్టి కుటుంబములవారు చికిత్సకు ముందే వైద్యునితో చెప్పుట క్షేమము.

వరుని గుణము, విద్య, ఆరోగ్యము విచారించుట పెద్దల ధర్మము. రక్తము కలియునని భయపడ నక్కఱలేదు. ఆ పని మన తాతముత్తాతలే చేసియున్నారు.