మయోలికా పూజాపలకలు

15వ శతాబ్ది ఆరంభమున సియెనా బెర్నార్డినో అను క్రైస్తవ సన్యాసి ఇటలీ పట్టణములలో ఉపన్యసించుచు, సూర్యకిరణముల నడుమ ఏసు నామాక్షరములున్న పలకను జనులకు చూపెడివాడు. ఆయన 1444లో మరణించెను. చిహ్నము మాత్రము ఇండ్లలోని పళ్ళెములపైకి, గోడపలకలపైకి ఎక్కినది. ఫయెంజా, డెరూటా కుమ్మరులు దానితోపాటు బాలయేసును ఎత్తుకొన్న మరియమ్మను కూడ చిత్రించిరి. ఈ మట్టిసామానునే మయోలికా అందురు.

ఇందలి కిటుకంతయు తగరములో నున్నది. సీసము కలిసిన గాజుపూతలో తగర భస్మము చేర్చినచో అది పాలవలె తెల్లనై, అడుగునున్న మట్టిరంగును కప్పివేయును. ఒకసారి కాల్చిన పలకను ఈ పూతలో ముంచి, ఆరిన పిదప బొమ్మ వ్రాసెడివారు. పొడి సున్నపుగోడవలె ఆ పూత రంగును తక్షణమే పీల్చుకొనును. గీత తప్పినచో దిద్దుట బహు కష్టము! తరువాత పలక మరల ఆవమున కెక్కును. అచ్చట పగిలినచో శ్రమయంతయు వృథా.

రంగులు లోహ సంబంధమైనవి: కోబాల్టుతో నీలము, రాగితో ఆకుపచ్చ, ఆంటిమొనితో పసుపు, మాంగనీసుతో ఊదా. ఆ వేడికి మంచి ఎరుపు నిలుచుట అరుదు. కావుననే తైలచిత్రములలో ఎర్రనైన మరియమ్మ వస్త్రము ఇచ్చట తరచు నారింజ, పసుపు రంగులలో కనిపించును. ఆమె నీలి పైవస్త్రము మాత్రము అయిదువందల ఏండ్లకును వెలిసిపోలేదు. ఆ రంగు గాజులోనే కరిగియున్నది గదా.