సమాఖ్య నిష్క్రమణ – వృత్తి ఫుట్‌బాల్: బ్రెగ్జిట్ అనంతర పరిణామాల పరిశీలన

కీలక పదాలు: బ్రెగ్జిట్, ఐరోపా సమాఖ్య, బోస్మన్ తీర్పు, ఫిఫా 19వ నిబంధన, ఐర్లాండ్.

ఉపోద్ఘాతం

ఒక దేశం రాజకీయ సమాఖ్య నుండి వైదొలగినప్పుడు ఆ ప్రభావం వాణిజ్యం, వలసలతో పాటు క్రీడారంగం మీద కూడా పడుతుంది. 2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 52 శాతం ఓటర్లు నిష్క్రమణను కోరగా, బ్రిటన్ 2020 జనవరి 31న ఐరోపా సమాఖ్యను వీడింది. అదే సంవత్సరం డిసెంబరు 31తో పరివర్తన కాలం ముగిసింది. ఆ మరునాటి నుండి ఇంగ్లండ్ వృత్తి ఫుట్‌బాల్‌లో విదేశీ ఆటగాళ్ళ నియామక విధానం మారిపోయింది. ఈ మార్పు భారం సంపన్న క్లబ్బుల కంటే చిన్న క్లబ్బుల మీద, పద్దెనిమిదేళ్ళు నిండని ఆటగాళ్ళ మీద అధికంగా పడిందని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

1. సమాఖ్య చట్టం – ఆటగాడి స్వేచ్ఛ

1957 నాటి రోమ్ ఒప్పందం సభ్యదేశాల కార్మికులకు ఏ సభ్యదేశంలోనైనా పనిచేసే హక్కును ఇచ్చింది. బ్రిటన్ 1973లో ఆ కూటమిలో చేరింది. అయితే ఫుట్‌బాల్ ఆటగాడు కూడా కార్మికుడేనన్న సూత్రం మైదానంలో అమలు కావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. బెల్జియం ఆటగాడు జాన్-మార్క్ బోస్మన్ 1990లో లీజ్ క్లబ్బుతో ఒప్పందం ముగిసిన తరువాత ఫ్రాన్సులోని డంకర్క్ క్లబ్బుకు వెళ్ళదలిచాడు. బదిలీ రుసుము వివాదం వల్ల ఆ ప్రయత్నం ఫలించలేదు. అతడు వేసిన వ్యాజ్యంలో ఐరోపా న్యాయస్థానం 1995 డిసెంబరు 15న తీర్పునిచ్చింది. ఒప్పందం ముగిసిన ఆటగాడు మరో సభ్యదేశపు క్లబ్బుకు వెళ్ళేటప్పుడు రుసుము కోరరాదనీ, సభ్యదేశాల పౌరులపై జాతీయతను బట్టి సంఖ్యా పరిమితి విధించరాదనీ ఆ తీర్పు సారాంశం.

దీని ఫలితం ఇంగ్లండ్‌లో స్పష్టంగా కనిపించింది. 1992 ఆగస్టులో ప్రీమియర్ లీగ్ తొలి వారాంతపు ఆటల్లో బ్రిటన్, ఐర్లాండ్‌లకు వెలుపలి ఆటగాళ్ళు పదమూడుమంది మాత్రమే ప్రారంభ జట్లలో ఉన్నారు. 1999 డిసెంబరు 26న చెల్సీ ఒక్క బ్రిటిష్ ఆటగాడైనా లేని ప్రారంభ జట్టుతో సౌతాంప్టన్‌పై ఆడింది.

2. పాయింట్ల విధానం – క్లబ్బుల అంతరాలు

నిష్క్రమణ ఈ స్వేచ్ఛను రద్దు చేసింది. 2021 జనవరి నుండి సమాఖ్య దేశాల ఆటగాళ్ళు కూడా ఇతర విదేశీయుల వలెనే ఫుట్‌బాల్ అసోసియేషన్ ధ్రువీకరణ పొందవలసి వచ్చింది. జాతీయ జట్టుకు తగినన్ని ఆటలు ఆడినవారికి అది నేరుగా లభిస్తుంది. తక్కినవారు క్లబ్బు తరఫున ఆడిన సమయం, ఆ లీగ్ స్థాయి వంటి అంశాల ఆధారంగా 15 పాయింట్లు సాధించాలి.

ఈ కొలమానం ఇప్పటికే పేరు గడించినవారికి అనుకూలం. ఇంకా వెలుగులోకి రాని ఆటగాడిని తక్కువ ధరకు గుర్తించి తెచ్చుకొనే క్లబ్బుకు ప్రతికూలం. లెస్టర్ సిటీ ఉదాహరణ ఇందుకు నిదర్శనం. ఫ్రాన్సులో పుట్టిన రియాద్ మహ్రెజ్‌ను ఆ క్లబ్బు 2014 జనవరిలో ఫ్రాన్స్ రెండవ శ్రేణి లీగ్‌లోని లె హావ్ర్ నుండి తెచ్చుకొంది. అప్పటికి అతడు అల్జీరియా జాతీయ జట్టుకు ఒక్క ఆట కూడా ఆడలేదు. 2016 మే నెలలో లెస్టర్ ప్రీమియర్ లీగ్ విజేతగా నిలవడంలో అతడి పాత్ర కీలకం. ఆ విజయానికి రెండు నెలలు నిండకముందే ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2021 నాటి కొలమానం ముందే ఉన్నట్లయితే అటువంటి నియామకం దుస్సాధ్యమయ్యేది.

మరోవైపు, ఐరోపావాసులకున్న ప్రత్యేక హక్కు పోవడంతో దక్షిణ అమెరికా ఆటగాళ్ళు వారితో సమాన స్థాయికి వచ్చారు. బ్రైటన్ క్లబ్బు 2021 ఫిబ్రవరిలో ఈక్వడార్ యువకుడు మోయిసెస్ కైసెడోను తెచ్చుకొని, 2023లో అనేక రెట్ల ధరకు చెల్సీకి బదిలీ చేసింది. 2023 జూన్‌లో నిబంధనలు సడలాయి. పాయింట్లు చాలని ఆటగాళ్ళను పై రెండు శ్రేణుల క్లబ్బులు నలుగురి వరకు, కింది రెండు శ్రేణుల క్లబ్బులు ఇద్దరి వరకు తీసుకొనే వీలు కలిగింది. సడలింపులో సైతం శ్రేణీ భేదం కొనసాగడం గమనార్హం.

3. ఐర్లాండ్ – మూసుకుపోయిన పాత దారి

ఫిఫా 19వ నిబంధన పద్దెనిమిదేళ్ళలోపువారి అంతర్జాతీయ బదిలీలను నిషేధిస్తుంది. ఐరోపా సమాఖ్య పరిధిలో మాత్రం 16 ఏళ్ళు నిండినవారికి మినహాయింపు ఉంది. సెస్క్ ఫాబ్రెగాస్ 2003లో బార్సిలోనా నుండి ఆర్సెనల్‌కు, పాల్ పోగ్బా 2009లో లె హావ్ర్ నుండి మాంచెస్టర్ యునైటెడ్‌కు పదహారేళ్ళ వయసులో రాగలిగింది ఈ మినహాయింపు వల్లనే. 2021 నుండి అది బ్రిటన్‌కు వర్తించడం లేదు.

దీని తాకిడి సమాఖ్యలోనే కొనసాగుతున్న ఐర్లాండ్‌ను తీవ్రంగా తాకింది. ఐర్లాండ్ బాలురు ఇంగ్లండ్ క్లబ్బులకు వెళ్ళడం సమాఖ్య కంటే పాత ఆచారం. 1922లో ఐరిష్ స్వతంత్ర రాజ్యం బ్రిటన్ నుండి వేరుపడినప్పుడు కూడా ఆ దారి తెగిపోలేదు. లియం బ్రాడీ 1971లో పదిహేనేళ్ళ ప్రాయంలో డబ్లిన్ నుండి ఆర్సెనల్‌కు చేరాడు. అప్పటికి రెండు దేశాలూ ఐరోపా కూటమిలో లేవు. 2001లో ఫిఫా బాలల బదిలీలపై నిషేధం తెచ్చిన తరువాత ఆ పాత దారి సమాఖ్య మినహాయింపును ఆధారం చేసుకొంది. ఆధారం తొలగగానే దారీ మూసుకుపోయింది.

ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. రెండు దేశాల మధ్య ఉన్న ఉమ్మడి ప్రయాణ మండలం ఒప్పందం వల్ల ఐర్లాండ్ పౌరులకు బ్రిటన్‌లో పనిచేసే హక్కు నేటికీ ఉంది. పదిహేడేళ్ళ డబ్లిన్ యువకుడు లివర్‌పూల్‌లోని దుకాణంలో ఉద్యోగం చేయవచ్చు. అదే నగరంలోని క్లబ్బులో ఆటగాడిగా నమోదు కాలేడు. అందువల్ల కొందరు ఐరోపా ప్రధాన భూభాగం వైపు మళ్ళారు. 2021లో కెవిన్ జెఫీ ఇటలీలోని ఇంటర్ మిలాన్‌కు వెళ్ళాడు. తక్కినవారు పద్దెనిమిదేళ్ళు నిండేవరకు స్వదేశీ క్లబ్బుల్లోనే ఉంటున్నారు. శిక్షణ బాధ్యతతో పాటు మెరుగైన బదిలీ ధర కూడా ఆ క్లబ్బులకు దక్కుతోంది.

4. ఇంగ్లండ్ యువకుల స్థితి

ఈ అడ్డుగోడ ఇరువైపులా ఉంది. జేడన్ సాంచో 2017లో, జూడ్ బెల్లింగ్‌హామ్ 2020లో పదిహేడేళ్ళ వయసులో జర్మనీలోని డోర్ట్‌మండ్‌కు వెళ్ళారు. ఇప్పుడు ఆ వయసులో ఆ మార్గం లేదు. స్పెయిన్ లీగ్‌లో బ్రిటిష్ ఆటగాళ్ళు సమాఖ్యేతరులకు కేటాయించిన పరిమిత స్థానాల లెక్కలోకి వస్తున్నారు.

ముగింపు

1922 నాటి విభజనకు తెగని దారి 2020 నాటి నిష్క్రమణకు తెగిపోవడం ఒక చారిత్రక సత్యాన్ని తెలుపుతుంది. రాజకీయ విభజన ఆటను ఎంతవరకు మార్చగలదన్నది, ఆనాటికి ఆట ఏ చట్టాల మీద నిలిచి ఉందన్న దానిపై ఆధారపడుతుంది. సంపన్న క్లబ్బులు ధర చెల్లించి కొత్త దారులు వెతుక్కొన్నాయి. పదహారేళ్ళ ఆటగాడికి అటువంటి అవకాశం లేదు. అతడు వేచి ఉండవలసిన రెండేళ్ళూ అతడి వృత్తి జీవితానికి పునాది పడే కాలం. ఆ బాలునికి ఓటు లేదు. సమాఖ్య నిష్క్రమణల చరిత్రను రచించేటప్పుడు గెలిచిన, ఓడిన పక్షాలతో పాటు ఇటువంటివారి అనుభవాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.