అక్షరము రాని బిడ్డయు, ఆస్తిపంపకమును

మన డెల్టాలో ఉమ్మడి కుటుంబము విడిపోవునపుడు పెద్దమనుష్యులు అరుగుపై కూర్చుండి పల్లము, మెరక, కొబ్బరితోట, పశువులు, అప్పులు అన్నియు లెక్కవేయుదురు. ఒక్కొక్క యింట ఒక కుమారుని పేరు వచ్చుసరికి మాట తడబడును. "వాడు అమాయకుడు, వానికి వాటా యెందుకు? అన్నదమ్ములు చూచుకొందురు" అని యొకరందురు; తక్కినవారు తల యూపుదురు. ఈ మాట యెక్కడినుండి వచ్చెనో, నేడు దాని కేమి విలువ మిగిలినదో మీకు మనవి చేయదలచితిని.

మాట పాతదే. పుట్టుగ్రుడ్డికిని, మూగకును, ఉన్మత్తునకును, జడునకును దాయభాగము లేదని మనుస్మృతి చెప్పినది. యాజ్ఞవల్క్యుడును ఇంచుమించుగా అట్లే చెప్పెను. కాని స్మృతులు అచ్చటనే ఆగలేదు. అట్టివారికి కూడును గుడ్డయు ఇచ్చి బ్రదికినంత కాలము పోషింపవలెననియు, పోషింపనివాడు పతితుడగుననియు మనువు విధించెను. ఆఱవ విక్రమాదిత్య చాళుక్యుని కాలమున మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు ఇంకను విడమరచి చెప్పెను. అట్టివాని కుమారునియందు దోషము లేనిచో వానికి భాగము కలదు. పంపకము జరిగిన పిదప చికిత్సచే దోషము తొలగినను భాగ మీయవలెను. ఈ ధర్మములనే పదుమూడవ శతాబ్దిలో కేతన తన విజ్ఞానేశ్వరీయమున తెనుగు పద్యములలో పెట్టెను. పూర్వులు వాటా తీసివేసిరి గాని భారము తీసివేయలేదు. మన అరుగులమీద నిలిచినది మొదటి సగము మాత్రమే. రెండవ సగమును సౌకర్యముగా మఱచితిమని నా యభిప్రాయము.

1928లో ఒక చట్టము వచ్చి గ్రుడ్డివారికిని, కుంటివారికిని, మూగవారికిని ఈ అడ్డు తొలగించెను. పుట్టుకతో బుద్ధి యెదగని వానికి మాత్రము అడ్డు నిలిచిపోయెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, రోగము గాని అవయవలోపము గాని మఱియే లోపము గాని కారణముగా ఎవరిని వారసత్వమునకు అనర్హుని చేయరాదని 28వ సెక్షనులో శాసించినది. కొడుకునకైనను కూతునకైనను ఇదియే విధి.

ఇక జడుడనగా ఎవడు? ఈ ప్రశ్నను మన ఊళ్లు సరిగా అడుగలేదు. బడిలో అక్షరము రానివానిని, ఏ పని చెప్పినను గ్రహింపలేనివానిని ఒక్క పేరుతోనే పిలిచితిమి.

పూర్వపు వీధిబడులలో ఈ భేదము అంతగా బాధింపలేదు. 1822లో మన్రో దొర విచారణకు ఉత్తరువు చేయగా, రాజమహేంద్రవరము జిల్లాలో 291 బడులు లెక్కకు వచ్చినవి. అచ్చట బాలుడు ఇసుకలో ఓనమాలు దిద్దుచు, శతకపద్యములు, ఎక్కములు గొంతెత్తి వల్లించెడివాడు. చెవితో పట్టగలవాడు కంటితో చదువలేకున్నను కొంతదూరము నడచిపోయెడివాడు. ఆ బడిని నేను పొగడుట లేదు. అందు బెత్తమునకును కోదండమునకును కొదువ లేదు, అనేక కులములవారికి ప్రవేశమే లేదు.

1850 తరువాత సబుకలెక్టరు టెయిలరు దొర నరసాపురము ప్రాంతమున రైతుల సమ్మతితో భూమిశిస్తుపై కొంత పన్ను వేసి బడులు నెలకొల్పెను. వానికి ఆధారముగానే చెన్నరాజధానిలో 1863 నాటి విద్యాచట్టము పుట్టినది. మన తాతలు తమ పంటనుండి బడులు కట్టించుకొనిరనుట గొప్ప సంగతి. పిమ్మట ఫలితములనుబట్టి గ్రాంటు నిచ్చు పద్ధతి వచ్చినది. పరీక్షాధికారి యెదుట చదివి చూపిన పిల్లల సంఖ్యనుబట్టి బడికి రొక్కము. ఇక చదువలేని బాలునివలన ఉపాధ్యాయునకు లాభమేమి? బుద్ధిహీనులైన రాచకొడుకులకు కథలు చెప్పి నీతి నేర్పిన విష్ణుశర్మ వృత్తాంతముగల నీతిచంద్రికయే, 1853లో వెలువడిన పిదప, పాఠ్యపుస్తకమై యెందఱో బాలురకు గండముగా మాఱుట వింతగా లేదా!

1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్లవైద్యుడు పదునాలుగేండ్ల బాలునిగూర్చి వైద్యపత్రికలో వ్రాసెను. బాలుడు తెలివైనవాడు, లెక్కలు చేయును. ఎన్నియేండ్లు చెప్పినను చదువుట రాలేదు. పాఠములన్నియు నోటితోనే చెప్పినచో బడిలో వీనిని మించినవాడుండడని వాని ఉపాధ్యాయుడే చెప్పెనట. మన వీధిబడి పంతుళ్లకు అట్టివారు ఎందఱు తెలియుదురో! 1963లో అమెరికాలో సామ్యూల్ కిర్క్ అను పండితుడు ఇట్టి ఇబ్బందులకు అభ్యసన వైకల్యములని పేరు వ్యాపింపజేసెను.

కోనసీమలో నే నెఱిగిన యొక కొబ్బరి వర్తకుడు వత్తును గుడిని పోల్చుకొనలేడు. తోట చుట్టివచ్చి ఈ దింపునకు కాయ యెంత వచ్చునో చెప్పును, ఆ మాట అరుదుగా తప్పును. అట్టివాని వాటా అన్నగారి పేర వ్రాయుట అన్యాయము. వానికి సంరక్షకుడు అక్కఱలేదు. పత్రమును బిగ్గరగా చదివి వినిపించిన చాలును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము అభ్యసన వైకల్యమును, మేధో వైకల్యమును వేర్వేఱుగా పేర్కొన్నది. చదువుకొనుచున్న బాలునకు పరీక్షలో అదనపు సమయమును, వ్రాసిపెట్టు సహాయకుని కోరవచ్చును.

బుద్ధియే యెదగని బిడ్డ సంగతి వేఱు. వాడు చిన్నవాడై యున్నంతకాలము తల్లి కొంగు చాలును. పదునెనిమిదేండ్లు నిండినంతనే చట్టము వానిని పెద్దవానిగా నెంచును. తలిదండ్రుల సంరక్షకాధికారము ముగియును. "మా వెనుక వీని కెవరు?" అను ప్రశ్న అప్పుడు నిజముగా ఎదురుపడును. కొందఱు వానిచేత హక్కువిడుదల పత్రముపై వ్రేలిముద్ర వేయింతురు. విషయము గ్రహించి మంచిచెడ్డలు విచారించుకొనలేనివాని ఒడంబడిక చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెప్పుచున్నది. సాక్షిసంతకము చేయు పెద్దలు దీనిని గుర్తుంచుకొనవలెను.

ఇట్టివారికొఱకే 1999లో నేషనల్ ట్రస్టు చట్టము చేయబడినది. జిల్లా కలెక్టరు ఉన్న స్థానిక సంఘమునకు తలిదండ్రులు గాని బంధువులు గాని దరఖాస్తు పెట్టుకొని సంరక్షకుని నియమింపజేసికొనవచ్చును. ఆ సంరక్షకుడు ఆఱు మాసములలో బిడ్డ ఆస్తి పట్టికను దాఖలు చేయవలెను. పిదప ఏటేట జమాఖర్చు చూపవలెను. ఆస్తిని దుర్వినియోగము చేసినను, బిడ్డను నిర్లక్ష్యము చేసినను, ఏ బంధువైనను ఆ సంఘమునకే ఫిర్యాదు చేసి వానిని తొలగింపజేయవచ్చును.